కుక్కను ఎక్కడ వదలాలి: కాలనీ పార్కా, డాగ్ పార్కా, పొడుగు తాడా?

మా టోనీని ఇంటికి తెచ్చి రెండేళ్లు కావస్తోంది. కుక్కను పెంచుకునేవాళ్లు ఎవరు కలిసినా ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే: "పరుగెత్తడానికి ఎక్కడ వదులుతున్నారు? తెల్లారగట్ల పార్కులో ఎవరూ ఉండరు కదా, తాడు తీసేయొచ్చా?" ఆర్నెల్ల క్రితం దాకా నేనూ తీసేసేదాన్ని. ఇప్పుడు తీయడం లేదు.

అసలు "ఎవరూ ఉండరు" అన్నదే హైదరాబాద్‌లో నిజం కాదు. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఐదింటికల్లా వాకింగ్‌కి వచ్చేస్తారు. ఎండాకాలంలో అయితే ఇంకా ముందే. అలాంటి ఒక పొద్దున టోనీ తోక ఊపుకుంటూ ఒక పెద్దాయన వైపు పరుగు తీశాడు. ఆయన చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు. భయపడి వెనక్కి అడుగు వేయబోయి, గట్టు తగిలి కూలబడ్డారు. నేను దూరం నుంచి "ఏమీ అనడండీ, ఏమీ అనడు!" అని అరుస్తూ పరుగెత్తాను. అదృష్టం కొద్దీ దెబ్బ తగల్లేదు. కానీ ఆయన చేతులు చాలాసేపు వణికాయి. "ఏమీ అనదని నీకు తెలుసమ్మా, నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. కుక్క మంచిదా కాదా అనేది రెండో సంగతి. ఎదురుగా కుక్క వస్తుందని అవతలి మనిషికి ముందే తెలుసా, ఇష్టం లేకపోతే తప్పుకునే వీలుందా అన్నదే నా లెక్కలో మొదటిది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు ప్రాణం పోయింది. ఆ తర్వాత ఈ ఊళ్లో పిల్లల్ని పార్కుకు తెచ్చే తల్లికి, తన వైపు పరుగెత్తుకొస్తున్న కుక్క పెంపుడుదా వీధిదా అని చూసుకునే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఆమెది అతి భయం అనే హక్కు మనకు లేదు.

వీధికుక్కల గొడవ ఇంకొకటి. పార్కు గేటు దగ్గర ఉండే గుంపు ఆ చోటు తమదే అనుకుంటుంది. తాడు లేని మన కుక్క వాటి మధ్యకు వెళ్తే ఆపడం మన చేతిలో ఉండదు. పిలిస్తే వస్తాడులే అనుకుంటాం. ఇంట్లో బిస్కెట్ డబ్బా చప్పుడుకు రావడం వేరు, ఉడుత వెంట పడ్డప్పుడు రావడం వేరు. చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. మన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇక డాగ్ పార్కు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచినది దాదాపు 1.3 ఎకరాలు. ఒకప్పుడు చెత్త పోసిన స్థలం అది. పెద్ద కుక్కలకూ చిన్న కుక్కలకూ వేర్వేరు చోట్లు పెట్టారు. నేను మొదటిదిగా చూసే విషయంలో దీనికి పూర్తి మార్కులు: కంచె లోపలికి వచ్చేవాళ్లందరూ కుక్కలుంటాయని తెలిసే వస్తారు. టోనీ పూర్తి వేగంతో పరుగెత్తడం నేను మొదటిసారి చూసింది అలాంటి కంచె లోపలే. చెవులు వెనక్కి వాలిపోయి, నాలుక పక్కకు వేలాడుతూ గుండ్రంగా తిరుగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇబ్బంది దూరంతో. వాహనం లేనివాళ్లు, ఊరికి ఆ చివర ఉండేవాళ్లు రోజూ రాలేరు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను మాత్రం ఏ డాగ్ పార్కుకూ తీసుకెళ్లకండి. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. వానలు పడ్డాక పిడుదులు, వాటితో టిక్ ఫీవర్ కూడా. ఇంకో జాగ్రత్త: కొట్లాటలు ఎక్కువగా గేటు దగ్గరే మొదలవుతాయి. తాడుతో కట్టేసి ఉన్న కుక్క చుట్టూ వదిలేసినవి మూగితే దానికి టెన్షన్. గేటు దగ్గర గుంపు చెదిరేదాకా బయటే ఆగండి.

"అమెరికాలో టైమింగ్ పెడతారట, మనమూ పెట్టుకోవచ్చు కదా" అనేవాళ్లున్నారు. నిజమే, న్యూయార్క్‌లో అలా ఉంది. బ్రూక్లిన్ ప్రాస్పెక్ట్ పార్కులో ఉదయం 5 నుంచి 9 దాకా, రాత్రి 9 నుంచి 1 దాకా కొన్ని మైదానాల్లో కుక్కల్ని వదలొచ్చు. మిగతా వేళల్లో ఆరడుగులకు మించని తాడు ఉండాల్సిందే. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న ఈ పద్ధతిని 2007లో నిబంధనల్లోకి ఎక్కించారు. నాకు ఇది చాలా నచ్చింది. కుక్క అంటే భయం ఉన్నవాళ్లు తొమ్మిది దాటాక నిశ్చింతగా రావచ్చు. కానీ అక్కడ కుక్కలకిచ్చిన ఉదయం వేళే ఇక్కడ మన పెద్దవాళ్లు నడిచే వేళ. పార్కు నిజంగా ఖాళీగా ఉండేది మిట్టమధ్యాహ్నం. అప్పుడు నేల కుక్క అరికాళ్లను కాల్చేస్తుంది. పెద్ద పార్కులో ఒక మూలను కేటాయిస్తే తప్ప ఈ పద్ధతి ఇక్కడ కుదరదు.

మిగతా చోట్ల సంగతి చూస్తే, హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం, పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదు. డాబా మీద వదలడం వానాకాలంలో సరే, పిట్టగోడ ఎత్తుగా ఉంటేనే. డబ్బు తీసుకుని పగలంతా చూసుకునే చోట్లున్నాయి గానీ రోజూ పంపాలంటే ఖర్చు.

నేను ఎంచుకున్నది పది మీటర్ల తాడు. వారంలో ఆరు రోజులు కాలనీ పార్కులో అదే, ఆదివారం డాగ్ పార్కు. మొదట్లో టోనీకి అన్యాయం చేస్తున్నానేమో అనిపించింది. చూస్తుంటే తెలిసింది, వాడికి పరుగుకన్నా వాసనలంటేనే ఎక్కువ ఇష్టమని. ఒక్క వేపచెట్టు మొదలు దగ్గర ఐదు నిమిషాలు ఆగుతాడు. తొందరపెట్టకుండా అరగంట అలా తిప్పితే ఇంటికొచ్చి హాయిగా పడుకుంటాడు. ఎవరైనా ఎదురొస్తే తాడు చేతికి దగ్గరగా లాక్కుని దారి దిగిపోతాం. ఎవరికీ ఏమీ అరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

తాడును మెడపట్టాకు కాకుండా హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) తగిలించండి, లేకపోతే పరుగెత్తి ఆగినప్పుడు మెడకు గట్టి దెబ్బ. బటన్ నొక్కితే చుట్టుకునే సన్నటి తాళ్లు వద్దు, చేతులు కోసుకుపోతాయి. మొదటి రెండు వారాలు ఐదు మీటర్లతో అలవాటు చేసుకోండి. తొలిరోజే పది మీటర్లది పట్టుకుంటే అది మీ కాళ్లకే చుట్టుకుంటుంది.