పిల్లులకు ఇంట్లో చేసే చిరుతిండ్లు: కొన్నేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లో చిట్టి, మల్లి అని రెండు పిల్లులున్నాయి. వాటికి బజారులో చిరుతిండ్లు కొనడం దాదాపుగా మానేసి, ఇంట్లోనే చేసిపెట్టడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. ఈ కాలంలో బిస్కట్ల నుంచి చేప ఉండల దాకా అనేక రకాలు చేసి చూశాను. వాటిలో ఇప్పటికీ మా వంటింట్లో నిలిచినవి ఎండబెట్టిన చికెన్ బ్రెస్ట్, ఉప్పు తగలని నెత్తళ్ళు అనే చిన్న చేపలు, ఉడికించిన గుడ్డు, అరుదుగా కొంచెం కార్జం (కాలేయం) మాత్రమే. నిలిచిన ఒక్కో రకంలో ఉండేది ఒక్క పదార్థమే. పిల్లి పూర్తిగా మాంసం మీద ఆధారపడి బతికే జంతువు కాబట్టి, దాని చిరుతిండికి మనం ఎంత తక్కువ కలిపితే అంత మేలని ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

వీటన్నిటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది చికెన్ బ్రెస్ట్‌కే. చర్మం, కొవ్వు తీసేసిన ముక్కను ఫ్రీజర్‌లో గంటసేపు ఉంచితే అది కాస్త గట్టిపడి కత్తికి చక్కగా లొంగుతుంది. అప్పుడు దాన్ని మూడు మిల్లీమీటర్ల మందాన పలుచని బద్దలుగా కోస్తాను. ఆ బద్దలను ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించి, తడి ఆరాక ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) జాలీ మీద పరిచి, 100 డిగ్రీల దగ్గర రెండు గంటలపాటు, మధ్యలో ఒకసారి తిరగేస్తూ ఎండబెడతాను. లోపలి ఆవిరి బయటికి పోవడానికి తలుపును వేలెడంత తెరిచి ఉంచడం అవసరం. విరిస్తే టప్పున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. పచ్చి మాంసాన్ని నేరుగా తక్కువ వేడి మీద ఎండబెట్టే పద్ధతులు చాలామంది చెబుతారు కానీ, వాటిని నేను పాటించను. కోడిమాంసం లోపలి వేడి ముందుగా 74 డిగ్రీలకు చేరిన తరువాతే ఎండబెట్టాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. అలా కాకుండా ముక్క ముందే ఎండిపోతే సాల్మొనెల్లా వంటి క్రిములు ఆ పొడి వాతావరణంలో వేడిని తట్టుకుని మిగిలిపోవచ్చు. మేడ మీద ఎండలో ఆరబెట్టడం, ఈగల సంగతి అలా ఉంచినా, ఇదే కారణంగా మాంసానికి తగిన పద్ధతి కాదు.

నీళ్లలో ఉడకబెట్టకుండా ఆవిరినే ఎంచుకోవడానికి టారిన్ కారణం. ఈ పోషకాన్ని పిల్లి శరీరం తనకు చాలినంత తయారు చేసుకోలేదు. అది మాంసం నుంచే రావాలి. ఇది లోపిస్తే పిల్లుల గుండె కండరం బలహీనపడి గుండె ఉబ్బుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పరిశోధకులు 1987లో నిరూపించారు. కంటిచూపు కూడా దీని లోపం వల్లనే దెబ్బతింటుంది. టారిన్ నీటిలో కరిగిపోతుంది కనుక ఉడికించిన నీళ్లు పారబోస్తే దానిలో కొంత భాగం ఆ నీళ్లతోనే పోతుంది. అయితే ఎంత జాగ్రత్తగా చేసినా ఇది చిరుతిండే తప్ప భోజనం కాదు. ఎముకలేని మాంసంలో కాల్షియం చాలదు కాబట్టి, అన్ని పోషకాలూ ఉన్న అసలు తిండి విడిగా ఉండి తీరాలి.

కొలత విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎండిన ముక్క చూపుకు చిన్నదిగా ఉండి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు సరిపోతాయి. చిరుతిండ్ల వాటా అందులో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు, అంటే 20 నుంచి 25 కేలరీలు. పచ్చి చికెన్ బ్రెస్ట్‌లో ముప్పాతిక వంతు నీరే కాబట్టి, ఎండిన తరువాత ఒక్కో గ్రాములో దాదాపు నాలుగు కేలరీలు చేరతాయి. కనుక రోజు మొత్తానికి అయిదు గ్రాములు చాలు. నేను ఆ రోజుకు కావలసినదాన్ని పొద్దునే వంటింటి త్రాసు మీద తూచి, చిన్న డబ్బాలో వేసి పెడతాను. ఇంట్లో ఎవరు పెట్టదలచుకున్నా ఆ డబ్బాలోంచే తీయాలి. అది ఖాళీ అయితే ఆ రోజుకు ముగిసినట్టే. మల్లి అయిదు కిలోలు దాటి బరువెక్కుతున్న రోజుల్లో ఈ ఏర్పాటు ఎంతో మేలు చేసింది.

నెత్తళ్ళ సంగతికి వస్తే, విశాఖపట్నంలో ఉంటున్నందుకు నాకు ఇవి సులువుగా దొరుకుతాయి. కానీ ఎండు నెత్తళ్ళను కొన్నది కొన్నట్టుగా పిల్లికి పెట్టకూడదు. వాటిలో ఉప్పు ఎక్కువ. ఇసుక కూడా ఉంటుంది. రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టినా ఉప్పు పూర్తిగా వదలదు. అందువల్ల పచ్చి నెత్తళ్ళనే తెచ్చి, తలా పొట్టా తీసి, బాగా కడిగి, చికెన్ లాగానే ఆవిరిపట్టి ఎండబెడతాను. ఇక్కడ ఉడికించడం మరింత ముఖ్యం. నెత్తళ్ళ వంటి కొన్ని చేపల్లో పచ్చిగా ఉన్నప్పుడు విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది, వేడికి అది పనిచేయకుండా పోతుంది. రుచి విషయంలో మా పిల్లులు రెండూ చికెన్ కంటే వీటికే ఎక్కువ మొగ్గు చూపుతాయి, వాసన అంత గాఢంగా ఉంటుంది మరి. అయినా వారానికి రెండుసార్లకు మించి ఇవ్వను. రోజూ చేప రుచి మరిగిన పిల్లి మామూలు తిండిని వాసన చూసి వదిలేసే ప్రమాదం ఉంది. ఓటీజీలో చేప ఎండిన రోజు ఇల్లంతా వాసన నిండుతుంది, దానికి సిద్ధపడే ఈ పని మొదలుపెట్టాలి.

గుడ్డు అన్నిటికంటే తేలిక. మధ్యరకం గుడ్డులో 70 కేలరీల దాకా ఉంటాయి కాబట్టి నాలుగో వంతు చాలు. గట్టిగా ఉడికించాలి; పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే మాంసకృత్తు బయోటిన్ అనే విటమిన్‌ను శరీరానికి అందనివ్వదు. కార్జం మాత్రం మందులాంటి జాగ్రత్తతో వాడవలసిన వస్తువు. దానిలో విటమిన్ ఎ ఎంతో ఎక్కువ. నెలల తరబడి విస్తారంగా తిన్న పిల్లులకు మెడ ఎముకలు అతుక్కుపోయి తల తిప్పలేని స్థితి వస్తుంది. వారానికోసారి బఠాణీ గింజంత ఉడికించిన ముక్క మించి నేను పెట్టను. అయితే మాత్ర మింగించవలసి వచ్చినప్పుడు, వేళ్లతో మెదిపిన కార్జంలో దాన్ని దాచిపెట్టడం కంటే మంచి ఉపాయం నాకు కనిపించలేదు.

మా వంటింట్లో నిలవకుండా పోయిన రకాల్లో బిస్కట్లు ముఖ్యమైనవి. గోధుమపిండి, ఓట్స్, గుమ్మడికాయ గుజ్జు, కొంచెం చేప కలిపి చేసే ఈ బిస్కట్లు చూడటానికి బాగుంటాయి కానీ, వాటిలో పిల్లికి నచ్చేది చేప వాసన ఒక్కటే. వాటిలో బెల్లమో తేనో కలపమనే సలహాకు అర్థమే లేదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లుల్లో పనిచేయదని రుచి, వాసనల మీద పనిచేసే ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు 2005లో ప్రకటించారు. పాలు కూడా మా ఇంట్లో పక్కకు తప్పుకున్నాయి. మన సామెతల్లో పిల్లిని పాలనుంచి విడదీయలేము గానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి.

మన వంటింటికి సంబంధించి నేను అందరికీ గట్టిగా చెప్పదలచిన మాట ఉల్లి, వెల్లుల్లి గురించి. కూరలోంచి ఒక ముక్క తీసి, కుళాయి కింద కడిగి పిల్లికి వేయడం ఎన్నో ఇళ్లలో చూస్తాను. ప్రేమతో చేసే ఆ పని పిల్లికి హాని చేస్తుంది. ఉల్లిలోని గంధక పదార్థాలు పిల్లి ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తాయి. కిలో బరువుకు అయిదు గ్రాముల ఉల్లి తిన్నా పిల్లుల రక్తంలో మార్పులు కనబడతాయి, అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయలో సగం కూడా కాదు. వెల్లుల్లి అంతకంటే తీవ్రమైనది. వండినా, పొడి చేసినా ఈ గుణం పోదు. ముక్కలోకి ఇంకిన రసం కడిగితే వదలదు. లక్షణాలు కొన్ని రోజుల తరువాత, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులోకి మారడం వంటి రూపాల్లో బయటపడతాయి కనుక కారణం కూడా చాలామందికి స్ఫురించదు. అందుకే మా ఇంట్లో కూరకు అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించకముందే పిల్లుల వాటా విడిగా తీసి పెట్టడం నియమంగా మారింది. వండిన ఎముకలు కూడా ఇవ్వము. అవి పదునుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకోవచ్చు.

ఖర్చు దృష్టితో చూస్తే, దుకాణంలో అమ్మే ఎండు చికెన్ ముక్కల చిన్న ప్యాకెట్టు ధరకు ఇంట్లో దానికి రెట్టింపు పైగా సరుకు తయారవుతుంది. కిలో మాంసం ఎండితే పావుకిలో, కొంచెం అటూ ఇటూగా వస్తుంది. కష్టమంతా నిల్వలోనే ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో, అందులోనూ వానాకాలంలో, బయట ఉంచిన ముక్కలు ఒక్క పూటలో మెత్తబడతాయి. రెండు వారాలకు సరిపడా గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లోనూ, మిగిలినది ఫ్రీజర్‌లోనూ ఉంచుతాను. ప్రయాణాల్లో మాత్రం గొట్టాల్లో అమ్మే క్రీము రకాలనే నేనూ కొంటాను, వాటి సౌకర్యం ఇంటి సరుకుకు లేదు.

చిట్టికి వయసు మీదపడి పళ్లు కదిలినప్పటి నుంచి దాని వాటా ముక్కలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఇస్తూ వచ్చాను. ఆ తరువాత రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు తగ్గిందని తేలడంతో, భాస్వరం ఎక్కువగా ఉండే నెత్తళ్ళు, కార్జం, ఎండు మాంసం మూడూ ఆపేయమని మా పశువైద్యురాలు చెప్పారు. భాస్వరం తక్కువగా ఉండే ఉడికిన గుడ్డు తెల్లసొనను కొద్దిగా ఇవ్వవచ్చన్నారు. ఇప్పుడు దాని చిరుతిండి అదే. మూత్రపిండాల జబ్బో మధుమేహమో ఉన్న పిల్లికి ఇంట్లో ఏది చేసి పెట్టాలనుకున్నా ముందు వైద్యులను అడగాలి, ఎందుకంటే ప్రత్యేకమైన తిండి మీద ఉన్న పిల్లికి రోజుకు అయిదు గ్రాముల ఎండు చికెన్ కూడా ఆ తిండి లెక్కను తారుమారు చేయగలదు.