డెల్ఫ్ బీ1 రాయాలా, టీసీఎఫ్ రాయాలా?

నెల్లూరులో ఇంట్లోనే చదువుకుంటూ మధ్యస్థాయి ఫ్రెంచ్ దాకా వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రెండూ ఫ్రెంచ్ ఎంత వచ్చో చూపించే పరీక్షలే, బీ1 అంటే మధ్యస్థాయి. డెల్ఫ్ బీ1లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం 100కి 50 వస్తే పాస్, కానీ ఏ ఒక్కదాంట్లో 5 కంటే తగ్గినా మిగతావి ఎంత బాగా రాసినా పోయినట్టే. నాకు టెన్షన్ అంతా మాట్లాడే దగ్గరే. చివరి అంశానికి చదవడానికి చిన్న రాత చేతికిచ్చి 10 నిమిషాలు టైమిస్తారు, దానిమీద మన అభిప్రాయం చెప్పాలి. నేను రోజూ సాయంత్రం పెన్నా గట్టున నడుస్తూ పైకే చెప్పుకునేదాన్ని, "జ్ పాన్స్ క్" (నేననుకునేది ఏంటంటే) అన్నాక ఆగిపోకుండా మూడు వాక్యాలు వచ్చేదాకా. రాతలో 160 పదాలు కావాలి, పెన్సిల్‌తో లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

టీసీఎఫ్‌లో పాస్, ఫెయిల్ ఉండవు, మీ స్థాయి ఎంతో చెబుతుంది. తప్పనిసరి భాగమంతా 76 బహుళైచ్ఛిక ప్రశ్నలే. రాయడం, మాట్లాడడం సాధారణ టీసీఎఫ్‌లో ఐచ్ఛికం. ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది, డెల్ఫ్ మాత్రం జీవితాంతం. అడ్మిషన్‌కి అర్జెంటుగా స్థాయి చూపించాల్సి వస్తే, వాళ్ళు టీసీఎఫ్ ఒప్పుకుంటారో లేదో కనుక్కుని అది రాయండి. తొందర లేకపోతే డెల్ఫే రాయమంటాను, దానికి చదివితేనే నోరు తిరుగుతుంది.