బోర్డు లేని దుకాణంలో మాండొలిన్: సికింద్రాబాద్‌లో కొన్న అనుభవం

సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గరి ఒక సందులో, ఇరుకు మెట్లెక్కి వెళితే మొదటి అంతస్తులో, బోర్డు కూడా లేని ఒక తీగ వాద్యాల దుకాణం ఉంది. అక్కడ అమ్మకం కంటే మరమ్మతే ఎక్కువ. వయొలిన్ నేర్చుకుంటున్న మా అమ్మాయి మాండొలిన్ కూడా కావాలని అడగడంతో మూడు నెలల పాటు నగరమంతా తిరిగి, ఒకచోట మోసపోయి, ఇంకొకచోట విసిగిపోయి, చివరికి అక్కడ కొన్నాను.

మోసపోయింది జుమ్మెరాత్ బజార్‌లో. కుండలా ఉబ్బిన వీపు, దాని మీద చారలు చారలుగా అతికిన సన్నని చెక్కపట్టీలు, ఇటలీలోని నేపుల్స్ పద్ధతిలో చేసిన పాత మాండొలిన్ ఒకటి 2,200 రూపాయలకు దొరికితే ఆ అందానికే మురిసిపోయి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే 12వ మెట్టు (తీగను నొక్కే చోట దండికి అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర తీగ కింద నుంచి పెన్సిలు దూరేంత ఎత్తు ఉంది. ఆ ఎత్తు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకు మించితే పిల్లల వేళ్లు నొక్కలేవు. తరువాత ఒక పెద్ద షాపుకు వెళితే, బిల్లు వేయించేదాకా వాద్యం మీది ప్లాస్టిక్ తొడుగు తీయబోమన్నారు. మీటి చూడకుండా తీగ వాద్యాన్ని ఎవరు కొంటారు? వెనుదిరిగి వచ్చేశాను.

మోండా మార్కెట్ దుకాణంలోని పెద్దాయన నా పాత మాండొలిన్‌ను చూడగానే అసలు సంగతి చెప్పారు. కుండ వీపు వాద్యాల పైచెక్క చాలా పలచన; వాటికి సన్నని తీగలే కట్టాలి. ఎవరో బలమైన తీగలు బిగించడంతో ఆ లాగుడుకు దండి, అంటే వాద్యం మెడ, వంగి, తీగలను మోసే బ్రిడ్జి కింద చెక్క కుంగిపోయింది. జంటలుగా కట్టిన ఎనిమిది తీగల మొత్తం బిగువు డెబ్బై కిలోల దాకా ఉంటుందంటే, అంత చిన్న పెట్టె ఎంత మోస్తోందో ఊహించుకోవచ్చు. దాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చుతో కొత్తది వస్తుందని ఆయన దాచకుండా చెప్పారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఆయన చూపించిన కొత్తవాటిలో వంపు తిరిగిన కొమ్ముతో, నగిషీలతో ఉన్న ఎఫ్ రకం మీదికి మా అమ్మాయి చూపు పోయింది. "అమ్మా, నగిషీ తర్వాత చూడొచ్చు, ముందు దండి చూడండి" అని ఆయన వాద్యాన్ని, వడ్రంగి బద్దను సరిచూసినట్టు, కంటికి ఆనించి నాకు అందించారు. అదే ధరకు కొమ్ము లేని, నీటిబొట్టు ఆకారంలో ఉండే ఎ రకంలో మంచి చెక్క వస్తుందని, కొమ్ము వల్ల నాదానికి పెద్దగా ఒరిగేదేమీ లేదని వివరించారు. పైచెక్క అసలు కలపా, ప్లైవుడ్డా అన్నది తెలుసుకోవడానికి నాద రంధ్రం అంచును చూడమన్నారు. పైన కనిపించే నార గీతలు అంచు మందంలోకి కూడా అలాగే సాగితే అది ఒకే చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్డు. నేను ఎంచుకున్నదానికి పైభాగం ఒకే చెక్క, వీపూ పక్కలూ ప్లైవుడ్డు. ధర 9,500 రూపాయలు.

అసలు పని ఆ తరువాత మొదలైంది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న నాకు మేళం కట్టడం తెలుసు. మైనంలో మెట్లను ఒక్కొక్కటిగా చెవితో విని సరిచేసి నిలబెడతారు. మాండొలిన్ మెట్లు లోహంతో చేసి చెక్కలోకి దిగగొట్టినవి కాబట్టి కదలవు. కదిలేది బ్రిడ్జి ఒక్కటే. అది జిగురుతో అతికింది కాదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. ఆయన 12వ మెట్టుకు సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలికొసతో తాకి మీటారు. సన్నని గంటలాంటి స్వరం పలికింది. అదే చోట నొక్కి మీటితే స్వరం కాస్త హెచ్చుగా వచ్చింది. హెచ్చితే బ్రిడ్జిని తోక వైపు, తగ్గితే దండి వైపు జరపాలి. బొటనవేలి గోటితో బియ్యపు గింజలో సగమంత జరిపి, మళ్లీ మీటి, మళ్లీ జరిపి, నాలుగు జతలూ కలిసేదాకా నలభై నిమిషాలు కూర్చున్నారు. చివరికి బ్రిడ్జి పాదాల చుట్టూ పెన్సిలుతో సన్నగా గీత గీసి, తీగలన్నీ ఒకేసారి విప్పవద్దని, మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలని చెప్పారు. ఈ పనికి విడిగా డబ్బు తీసుకోలేదు.

వయొలిన్ నేర్చుకునే పిల్లలకు ఈ వాద్యం త్వరగా పట్టుబడుతుంది. పాశ్చాత్య పద్ధతిలో రెండింటికీ శ్రుతి ఒకటే, జి, డి, ఎ, ఇ. తీగ పొడవులో కూడా పెద్ద తేడా లేదు. అయితే మన సంగీతం వాయించాలనుకునేవారు ఒక విషయం ముందే గ్రహించాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ కచేరీలలో వాయించింది జంట తీగల మాండొలిన్ కాదు. ఒంటి తీగలతో ఉన్న ఎలక్ట్రిక్ మాండొలిన్, మొదట నాలుగు తీగలతో, తరువాత అయిదింటితో. కారణం గమకమే, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. జంట తీగలను లాగినప్పుడు రెండూ సమానంగా సాగక స్వరం చీలిపోతుంది. పైగా మామూలు మాండొలిన్‌లో మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది కాబట్టి జారుకు చోటుండదు. మా ఇంట్లో నేనే కల్యాణి రాగం వాయించబోయి గాంధారం దగ్గర ఆగిపోయాను. కర్ణాటక సంగీతమే ధ్యేయమైతే ఈ దుకాణంలో దొరికేది మీకు సరిపోదు. ఎలక్ట్రిక్ రకాలు ఆయన పెట్టరు. సినిమా పాటలకు, జానపదాలకు, పాశ్చాత్య పాఠాలకు మాత్రం ఇది హాయిగా ఉంటుంది.

గోడకు వేలాడుతున్నవాటిలో మన ఊరేగింపుల్లో బ్యాంజో అని పిలిచే మీటల వాద్యం, అంటే బుల్‌బుల్ తరంగ్, రెండు ఉన్నాయి. అది జపాన్‌లో 1912లో పుట్టిన తైషోగోతోకు చుట్టం. తోలు బిగించిన అసలు బ్యాంజోతో దానికి పేరు తప్ప పోలిక లేదు, కాబట్టి అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి. కిన్నెర కోసం కూడా అడిగాను. పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగిలయ్య 2022లో పద్మశ్రీ అందుకున్న తరువాత అడిగేవారు పెరిగారని, సొరకాయ బుర్రలతో ఆ వాద్యం చేయడం తన వల్ల కాదని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు.

లోటుపాట్లూ ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఇస్తానన్న మా వయొలిన్ మరమ్మతుకు పదకొండు రోజులు పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎడమచేతివాటం వాద్యాలు లేవు. ఇచ్చే సంచీ పలచని గుడ్డది. మన వేసవి పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి మెట్ల కొసలు అంచు దాటి వేళ్లకు గీసుకుంటాయి కాబట్టి గట్టి పెట్టె ఒకటి విడిగా కొనక తప్పదు. ఏప్రిల్ ఎండలో కారులో మాత్రం వదిలేయకండి.

ఉదయం పదకొండు తరువాత, రద్దీ తక్కువగా ఉన్న రోజున వెళితే ఆయన తీరికగా కూర్చుంటారు. శ్రుతి చూసుకోవడానికి దండి కొసకు తగిలించే క్లిప్ ట్యూనర్ వెంట తీసుకెళ్లండి. కింద మార్కెట్ రొదలో ఫోన్‌లోని ట్యూనర్‌కు స్వరం అందదు.