మా బడి కంప్యూటర్లకు రెండు ఫైర్‌వాల్‌లు వాడి చూశాక

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో, దేవరకద్ర వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయో సైన్స్ చెప్తాను. కంప్యూటర్ ల్యాబ్ తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది. మాకు కంప్యూటర్ టీచర్ లేరు, ఆసక్తి ఉందని ఆ పని నాకు అప్పగించారు. బయటి నెట్‌కూ ల్యాబ్ కంప్యూటర్లకూ మధ్య కాపలా ఉండి, ఏది రావాలో ఏది ఆగాలో చూసేది ఫైర్‌వాల్. ఇప్పటివరకు రెండు వాడాం. మొదటిది డబ్బు పెట్టి కొన్న పెట్టె, రెండోది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. మాలాంటి బడులవాళ్లు కొనే ముందు ఒకసారి చదువుకుంటారని ఇది రాస్తున్నాను.

మా పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు పని కోసం ముంబై, పుణె వెళ్తారు. పిల్లలు నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండి చదువుకుంటారు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, అదీ రీచార్జ్ ఉన్నన్నాళ్లే. వాళ్లు కీబోర్డు మీద చేయి పెట్టేది మా ల్యాబ్‌లోనే, వారానికి రెండు పీరియడ్లు. పీరియడ్ 45 నిమిషాలు. అందులో పది నిమిషాలు "ఈ పేజీ బ్లాక్ చేశాం" అనే ఎర్ర తెర చూస్తూ పోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఫైర్‌వాల్ మంచిదా కాదా అని నేను చూసేది ముందు ఇక్కడే.

18 కంప్యూటర్లూ మా పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని ఇచ్చినవి. ఫైబర్ లైను కూడా వాళ్లే పెట్టించారు. నెట్ వచ్చిన రోజే హెచ్ఎం సార్ ఒక మాట అన్నారు: "మేడం, పిల్లలు చూడకూడనిది ఏదైనా చూస్తే ఊరికి ఏం జవాబు చెప్తాం?" ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. వెంటనే హైదరాబాద్ డీలర్ దగ్గర ఒక ఫైర్‌వాల్ పెట్టె తీసుకున్నాం. మొదటి ఏడాది లైసెన్సుతో కలిపి 58,000 రూపాయలు. రెండో ఏడాది నుంచి రెన్యువల్ 19,500. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

దానిలో మంచి ముందు చెప్తాను. వచ్చిన కుర్రాడు మధ్యాహ్నం లోపల అంతా బిగించేశాడు. ఇంగ్లిష్ అశ్లీల సైట్లు, జూదం సైట్లు, వైరస్ అంటించే పేజీలు గట్టిగానే ఆగాయి. మొదటి నెల మాకు ఏ టెన్షన్ లేదు.

తర్వాత పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం వచ్చింది. మా పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉంటాయి. తరగతిలో మందార పువ్వు కోసి కీలాగ్రం, అండాశయం చూపించాను. పుప్పొడి రేణువు నుంచి నాళం అండాశయం దాకా ఎలా దిగుతుందో వీడియోలో చూద్దామని అందరినీ ల్యాబ్‌కు తీసుకెళ్లాను. పిల్లలు పుస్తకంలో ఉన్న మాటే చూసి "సెక్సువల్ రిప్రొడక్షన్ ఇన్ ప్లాంట్స్" అని కొట్టారు. ఒక తెర తర్వాత ఒక తెర ఎర్రబడింది. అశ్లీలం కింద ఈ పేజీ ఆపేశామని, మీ పేరు రాసుకున్నామని ఇంగ్లిష్‌లో వచ్చింది. వెనక వరసలో ఒక అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టేసుకుంది. "నేను తప్పేం కొట్టలే మేడం" అంది. ఆ పీరియడ్‌లో మళ్లీ మౌస్ ముట్టుకోలేదు. పువ్వు గురించి వెతికిన పిల్లకు తప్పు చేశానన్న భయం పెట్టిన యంత్రాన్ని నేను మంచిదని ఎలా రాయను?

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకున్నాను. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తాయి, అంటే మనకూ సైటుకూ మధ్య నడిచేదంతా అంటించిన కవరులో వెళ్తుంది. దారిలో కూర్చున్న ఫైర్‌వాల్‌కు మనం ఏ సైటుకు వెళ్తున్నామో తెలుస్తుంది, లోపల ఏ పేజీ చదువుతున్నామో, ఏం టైపు చేశామో తెలియదు. తెలియాలంటే ఉత్తరం కవరు చించి చదివి, మళ్లీ అంటించి పంపినట్టు చేయాలి. దాన్ని ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. అది పనిచేయడానికి డీలర్ మనిషి మా 18 కంప్యూటర్లలోనూ ఒక సర్టిఫికెట్ (ఆ పెట్టెను నమ్మమని కంప్యూటర్‌కు చెప్పే ఫైలు) ఎక్కించాడు. అప్పుడే ఆ పెట్టె మాటమాటా చదవగలిగింది, చదివి పువ్వుకూ బూతుకూ తేడా తెలియక ఆపేసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు కూడా అదే ల్యాబ్‌లో నింపిస్తాం. ఎంపికైన పిల్లకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, మా ఊళ్లో అది చిన్న మొత్తం కాదు. ఆ దరఖాస్తుల్లోని ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఆ విప్పిన కవర్లలోంచే వెళ్లాయని తర్వాత అర్థమై గుండె జల్లుమంది.

నెలాఖరుకు రిపోర్టు వచ్చింది. ఏ పిల్ల ఏ రోజు ఏం వెతికిందో పేర్లతో సహా ఉంది. ఒక అమ్మాయి పేరు పక్కన నెలసరి కడుపునొప్పి గురించి వెతికిన మాటలు కనిపించాయి. నన్ను అడగడానికి సిగ్గుపడి కంప్యూటర్‌ను అడిగింది. ఆ రిపోర్టు నాకు వచ్చినట్టే డీలర్ ఆఫీసులో కుర్రాళ్లకూ కనిపిస్తుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం లేకపోయినా నేను ఇదే అంటాను: ఆ పిల్ల బాధ హైదరాబాద్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఎందుకు తెలియాలి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక తెలుగు సంగతి. ఇలాంటి పెట్టెలు లోకంలోని సైట్లను వర్గాలుగా విడగొడతాయి: విద్య, వార్తలు, ఆటలు, అశ్లీలం ఇలా. ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న సైట్లు "వర్గం తేలనివి" అనే గంపలో పడతాయి. మా పెట్టెలో ఆ గంప మొత్తానికీ తాళం వేశారు. ఏడో తరగతి పిల్లలు మన జిల్లా చెట్ల మీద ప్రాజెక్టు చేస్తూ పిల్లలమర్రి గురించి వెతికారు. ఆ మర్రిచెట్టుకు చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు కదా, ఆ కథ వాళ్లకు భలే నచ్చింది. కానీ దాని గురించి తెలుగులో రాసిన చిన్న చిన్న పేజీలేవీ తెరుచుకోలేదు. "మేడం, గిది గూడ బంద్ అయింది" అని నాలుగు మూలల నుంచీ పిలుపులు. మన చెట్టు గురించి మన భాషలో రాసింది మన పిల్లలకు దొరకలేదు. అదే నెలలో తెలుగు బూతు కథల పేజీ ఒకటి హాయిగా తెరుచుకుంది. ఆ పెట్టె ఆపే మాటల జాబితాలో తెలుగు లేనే లేదు.

ఒక పేజీ తెరిపించాలంటే డీలర్‌కు ఫోన్ చేయాలి. "తమ్ముడూ, పిల్లలు ఎదురుచూస్తున్నరు" అంటే, "టికెట్ రేజ్ చేయండి మేడం, రేపు చూస్తాం" అనేవాడు. ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడేవాడు. కానీ మా పీరియడ్ రేపటి దాకా ఆగదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది తొమ్మిదో తరగతి అబ్బాయి. ఆగిపోయిన పాఠం వీడియో చూడటానికి ఆపిన పేజీని తన ద్వారా తెచ్చి చూపించే ప్రాక్సీ సైటు ఒకటి ఎక్కడో పట్టుకున్నాడు. వీడియో వచ్చింది. దాంతోపాటు పక్కన చూడరాని ప్రకటనలూ వచ్చాయి. పాఠం కోసం వెళ్లిన పిల్లాణ్ని మా తాళమే ఆ సందులోకి నెట్టింది. వాణ్ని నేను కోప్పడలేదు.

రెన్యువల్ బిల్లు వచ్చినప్పుడు హెచ్ఎం సార్‌తో కూర్చుని ఇవన్నీ చెప్పాను. ఆయన విని, "అయితే మీరే ఏదైనా చూడండి మేడం" అన్నారు. మా పాత విద్యార్థి ఒకడు హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పనిలో ఉన్నాడు. ఫోన్‌లో వాడు చెప్తుంటే రెండు ఆదివారాలు కూర్చుని పీఎఫ్‌సెన్స్ పెట్టాం. ఇది ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఫైర్‌వాల్. 2004లో మోనోవాల్ అనే ప్రాజెక్టు నుంచి చీలి మొదలైంది. దీని కమ్యూనిటీ ఎడిషన్‌కు లైసెన్సు ఖర్చు లేదు. స్టోర్ రూములో పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌కు 850 రూపాయలు పెట్టి రెండో లాన్ కార్డు వేశాం. ఒక కార్డుకు ఫైబర్ మోడెమ్, రెండో దానికి ల్యాబ్ స్విచ్. అంతే ఖర్చు.

వడపోత పని డీఎన్ఎస్‌కు అప్పగించాం. సైటు పేరు కొడితే దాని నంబరు చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్. చెడ్డ సైటు పేరు అడిగితే నంబరు చెప్పకుండా ఉండే ఉచిత సర్వర్లు ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం మొదలుపెట్టినవి 1.1.1.3, 1.0.0.3. ఇవి వైరస్ సైట్లనూ అశ్లీల సైట్లనూ ఆపుతాయి. 1.1.1.2 పెడితే వైరస్ సైట్లే ఆగుతాయి, కాబట్టి చివరి అంకె చూసి వేయండి. సిస్కో 2015లో కొన్న ఓపెన్‌డీఎన్ఎస్ వాళ్ల ఫ్యామిలీషీల్డ్ కూడా ఇలాంటిదే: 208.67.222.123, 208.67.220.123. మేము క్లౌడ్‌ఫ్లేర్ వాడుతున్నాం. కవరు చించే పని లేదు, సర్టిఫికెట్ లేదు. పేర్లతో రిపోర్టు లేదు.

గూగుల్‌లో అశ్లీల ఫలితాలను దాచే సేఫ్‌సెర్చ్ ఎవరూ తీసేయకుండా పీఎఫ్‌సెన్స్‌లోనే కట్టేయవచ్చు. యూట్యూబ్‌లో పిల్లలకు తగని వీడియోలను దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్‌కూ అంతే. అందులో కఠినం, మధ్యస్థం అని రెండు రకాలు. కఠినం పెడితే మరీ ఎక్కువ వీడియోలు దాక్కుంటాయి, పాఠాలకు మధ్యస్థం చాలు. ఏది పెట్టినా వీడియోల కింద కామెంట్లు కనిపించవు. ఆ ఒక్కదానికే నాకు ఎంతో హాయిగా ఉంది.

డీఎన్ఎస్ మార్చి వదిలేస్తే సరిపోదు, ఇది గట్టిగా చెప్తున్నాను. పిల్లలు కంప్యూటర్ సెట్టింగుల్లో గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ నంబరు 8.8.8.8 వేస్తే వడపోత దాటిపోతారు. అందుకే డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే 53 నంబరు పోర్టు (దారి) మీద వచ్చే ప్రతి ప్రశ్ననూ పీఎఫ్‌సెన్స్ తన దగ్గరికే తిప్పుకునేలా ఒక రూలు రాయాలి. బ్రౌజర్లు డీఎన్ఎస్ ప్రశ్నను హెచ్‌టీటీపీఎస్‌లో దాచి పంపే పద్ధతి కూడా ఉంది, దాన్నీ ఆపాలి. దీనికి పీఎఫ్‌బ్లాకర్‌ఎన్‌జీ అనే ప్యాకేజీ ఉంది. పిల్లలు లాగిన్ అయ్యే ఖాతాకు అడ్మిన్ హక్కులు ఉండకూడదు. ఈ మూడూ చేశాకే నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ఏదైనా మంచి పేజీ ఆగితే నా సీటులోంచే తెరుస్తాను, నిమిషం పట్టదు. ల్యాబ్ తలుపు పక్కన మేకుకు ఒక నోట్‌బుక్ వేలాడదీశాను. ఏది ఆగిందో, ఎందుకు కావాలో పిల్లలే రాస్తారు. ప్రాక్సీ పట్టుకున్న అబ్బాయికే ఆ నోట్‌బుక్ బాధ్యత ఇచ్చాను. ఫెట్ వాళ్ల సైన్స్ ప్రయోగాలు, దీక్షా పాఠాలు, టీశాట్ వీడియోలు, తెలుగు వికీపీడియా అన్నీ తెరుచుకుంటున్నాయి. ప్రత్యుత్పత్తి పాఠం ఈ ఏడాది 45 నిమిషాలూ సాగింది.

లోపాలూ ఉన్నాయి. డీఎన్ఎస్‌కు సైటు పేరు మాత్రమే కనిపిస్తుంది. ఒక సైటులో మంచి పేజీ ఒకటి, చెడ్డ పేజీ ఒకటి ఉంటే రెండూ తెరుచుకుంటాయి, లేదా రెండూ ఆగుతాయి. కొత్తగా పుట్టిన తెలుగు బూతు సైటు దీనికీ వెంటనే దొరకదు. నేను చూసినవి చేత్తో కలుపుతుంటాను. ఎవరైనా ఫోన్ తెచ్చి హాట్‌స్పాట్ పెడితే ఏ ఫైర్‌వాలూ ఏమీ చేయలేదు. అందుకే బల్లలు జరిపించి తెరలన్నీ గది మధ్యలోకి కనిపించేలా మూడు గోడల వెంట పెట్టించాను. మధ్యలో నిలబడితే 18 తెరలూ నాకు కనిపిస్తాయి. దీనికి పైసా ఖర్చు కాలేదు, రెండు ఫైర్‌వాల్‌ల కన్నా ఎక్కువ పని చేస్తున్నది ఇదే.

అయిదుకు మార్కులు వేయమంటే డీలర్ పెట్టెకు 2, పీఎఫ్‌సెన్స్‌కు 4. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే తెలుగులో చెప్పే వివరణ మాకు దొరకలేదు, నెట్‌వర్క్ తెలిసిన మనిషి ఒకరు ఫోన్‌లో అయినా లేకుంటే మొదటిసారి పెట్టడం కష్టం. సొంత ఐటీ మనిషి ఉన్న పెద్ద కాలేజీకి డీలర్ పెట్టె సరిపోవచ్చు. కొంటే మాత్రం డబ్బు ఇచ్చే ముందే అడ్మిన్ పాస్‌వర్డ్ బడికి ఇస్తారా, రిపోర్టు ఎవరెవరు చూస్తారు, వర్గం తేలని సైట్లను ఏం చేస్తారు అని కాగితం మీద రాయించుకోండి.

ఒక జాగ్రత్త. పోయిన వేసవిలో ఆ పాత డెస్క్‌టాప్ పవర్ సప్లై కాలిపోయింది. పీఎఫ్‌సెన్స్ సెట్టింగులన్నీ ఒకే ఫైలుగా దించుకోవచ్చు. ముందే దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం కాబట్టి ఇంకో పాత కంప్యూటర్ మీద గంటలో మళ్లీ నిలబెట్టాం. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు హెచ్ఎం సార్ బీరువాలో, పాస్‌వర్డ్ రాసిన కవరు పక్కన ఉంటుంది.