వైజాగ్ క్యాంపస్‌కి ఏ సైకిల్? ఏళ్ల తరబడి తొక్కాక నా అభిప్రాయం

వైజాగ్‌లో కాలేజీకని సైకిల్ కొనేవాళ్లు రంగు, బ్రాండు తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సినవి ఇక్కడి ఎత్తుపల్లాలు, ఉప్పుగాలి. ఈ రెండింటికీ తట్టుకునే సైకిలైతే చదువయ్యేదాకా పనికొస్తుంది. లేదంటే రెండో వానాకాలానికే హాస్టల్ మెట్ల కింద తుప్పు పట్టి పడుంటుంది. అలాంటివి మా హాస్టల్లో చాలానే చూశాను.

ఆంధ్రా యూనివర్సిటీలో రీసెర్చ్‌లో చేరినప్పుడు కొన్న సైకిల్నే ఇప్పటికీ రోజూ తొక్కుతున్నాను. సస్పెన్షన్ (కుదుపులు తట్టుకునే స్ప్రింగులు) లేని హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్య రకం. అల్యూమినియం ఫ్రేము, 21 గేర్లు, చక్రం అంచుని రబ్బర్లతో నొక్కి ఆపే మామూలు రిమ్ బ్రేకులు. అప్పట్లో 15 వేల లోపే వచ్చింది.

మా ఇంజనీరింగ్ కాలేజీ నార్త్ క్యాంపస్‌లో ఉంటుంది, లైబ్రరీ సౌత్ క్యాంపస్‌లో. ఆ రెండింటి మధ్య తిరగడానికి ఏ సైకిలైనా సరిపోతుంది. బీచ్ రోడ్డుకి దిగి మళ్లీ పైకి వచ్చేటప్పుడే తేడా తెలుస్తుంది. పాండురంగాపురం డౌన్ దిగేటప్పుడు అందరూ బాగానే దిగుతారు. తిరిగి ఎక్కేటప్పుడు గేర్లు లేని సైకిళ్లవాళ్లలో చాలామంది దిగి నెట్టుకుంటూ వస్తారు.

కారణం లెక్కలోనే ఉంది. గేర్లు లేని మామూలు సైకిల్‌కి సాధారణంగా ముందు పెడల్ దగ్గర చైన్ తిరిగే పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక చక్రం దగ్గరి దానికి 18 ఉంటాయి. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. చదును రోడ్డు మీద అది చక్కగా నడుస్తుంది. ఎత్తులో మోకాళ్లు పట్టేస్తాయి. నా సైకిల్‌కి ముందున్న చిన్న పళ్లచక్రానికి 28 పళ్లు, వెనక పెద్దదానికీ 28. పెడల్ ఒక చుట్టు, చక్రం ఒక చుట్టు. మెల్లగానే వెళ్తాం గానీ కూర్చునే ఎక్కేస్తాం, ల్యాబ్‌కి వెళ్లేసరికి ఆయాసం ఉండదు. కాబట్టి షాపులో ‘ఎన్ని గేర్లు’ అని అడగకండి. ముందున్న పళ్లచక్రాల్లో అన్నిటికన్నా చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్దదానికి ఎన్ని పళ్లు అని అడగండి. వెనక పళ్లు ముందు పళ్లతో సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 21 గేర్లలో రోజూ వాడేవి నాలుగో ఐదో. 7 గేర్లున్నా చాలు, ఆ చిన్న గేరు ఉంటే.

ముందు సస్పెన్షన్ ఉన్న సైకిళ్లు చూడ్డానికి బాగుంటాయి, పిల్లలు వాటికే పడిపోతారు. ఈ ధరలో వచ్చే సస్పెన్షన్ కేజీకి పైగా అదనపు బరువు. పైగా ఎత్తు ఎక్కుతూ లేచి తొక్కితే మన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టాక అది కదలడం కూడా మానేస్తుంది. క్యాంపస్‌లో స్పీడ్ బ్రేకర్లకి కాస్త లావు టైరు సరిపోతుంది. నావి 35 మిల్లీమీటర్లవి, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇక అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు సైకిల్ మీద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమను పీల్చుకుని తడిగా మారుతుంది. వైజాగ్‌లో అంత తేమ ఏమంత అరుదు కాదు. అంటే వాన పడకపోయినా సైకిల్ ఉప్పునీళ్లలో నానుతున్నట్టే. నా సైకిల్‌కి మొదట తుప్పు పట్టినవి ఫ్రేమూ రిమ్ములూ కాదు, బోల్టులు. కంపెనీవాళ్లు ఫ్రేముకి అంత మంచి పెయింటు వేసి, బ్రేకుల దగ్గరా క్యారేజీ దగ్గరా చవక బోల్టులు బిగించారు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం. అన్నీ తీయించి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించాను. పెద్ద ఖర్చేం కాదు, కొత్త సైకిల్ కొన్న వారమే చేయించుకోండి.

అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది, దాని గురించి షాపులో ఎవరూ చెప్పరు. మద్దిలపాలెంలో పంక్చర్లు వేసే ఒక పెద్దాయన చెప్పాడు. “సీటు గొట్టం ఆర్నెల్లకోసారి బయటికి లాగి గ్రీజు రాయమ్మా. రాయకపోతే పట్టేసుద్ది, తర్వాత కోయడమే.” అల్యూమినియం ఫ్రేములో ఇనుప గొట్టం ఉండి, మధ్యలోకి ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోయి రెండూ అతుక్కుపోతాయి. మొదటిసారి లాగినప్పుడే గొట్టం చుట్టూ తెల్లటి పొడి, దాని కింద ఎర్రటి చార కనిపించాయి. గుడ్డతో తుడిచి గ్రీజు పూసి పెట్టేశాను. అప్పటినుంచి మానలేదు.

చైన్‌కి వారానికోసారి పొడిగుడ్డతో తుడవడం, సైకిల్ చైన్‌కని అమ్మే నూనె ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి పైన మిగిలింది తుడిచేయడం. అంతే. కుట్టుమెషిన్ నూనె పలచన, తొందరగా పోతుంది. పాత ఇంజిన్ ఆయిల్ దుమ్మంతా పట్టుకుని నల్లటి ముద్దవుతుంది.

బ్రేకుల విషయంలో డిస్కే (చక్రం మధ్యలో ఉన్న పళ్లెం లాంటి రేకుని నొక్కి ఆపేది) కావాలన్న పట్టుదల అక్కర్లేదు. రిమ్ బ్రేకు రబ్బర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి, మనమే మార్చుకోవచ్చు. కాకపోతే రిమ్ము అల్యూమినియందే అయి ఉండాలి. మెరిసే క్రోమ్ పూసిన ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు, వాన రోజు డౌన్‌లో అది ప్రమాదం. అల్యూమినియం రిమ్ముకైనా తడిసినప్పుడు ముందే రెండు బ్రేకులూ మెల్లగా నొక్కి నీళ్లు తుడుచుకోనివ్వాలి, తర్వాతే గట్టిగా పట్టుకుంటుంది. రోజూ బీచ్ రోడ్డు మీదే తిరిగేవాళ్లు, ఎక్కువ బరువు మోసేవాళ్లు డిస్క్ తీసుకుంటే నేను కాదనను.

మడ్‌గార్డులు, చైన్ కవరు, స్టాండు సైకిల్‌తోనే రాకపోతే విడిగా వేయించుకోవాలి. చున్నీ వేసుకునే అమ్మాయిలకి చైన్ కవరు ఒక్కటే సరిపోదు, వెనక చక్రానికి జాలీ కూడా పెట్టించుకోండి. నా స్నేహితురాలి చున్నీ ఊచల్లో చుట్టుకుపోతే అదృష్టం కొద్దీ చిన్న దెబ్బతో బయటపడింది. తాళం మాత్రం ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి కదలని కమ్మీకి కట్టేంత పొడుగుండాలి.

సైకిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ పెడళ్లు ఒక్క ఏడాదికే విరిగాయి. సీటు గట్టిగా ఉందనిపించింది గానీ అలవాటైపోయింది.

సెకండ్ హ్యాండ్ కూడా మంచి ఆలోచనే. ఏటా పరీక్షలయ్యాక ఫైనలియర్ వాళ్లు అమ్మేస్తుంటారు. వెళ్లేటప్పుడు అడుగు స్కేలు ఒకటి పట్టుకెళ్లండి. చైన్‌లో ఒక పిన్ను మధ్యన సున్నా పెట్టి చూస్తే దాని తర్వాత 24వ పిన్ను మధ్య సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లూ అరిగినట్టే, ఆ మేరకు ధర తగ్గించమనండి. తర్వాత సీటు బోల్టు వదులు చేసి గొట్టాన్ని తిప్పి చూడండి. తిరగకపోతే ఎంత చవకగా ఇస్తామన్నా వద్దు.