అడవిపందులకు సోలార్ కంచా, కుసుమ వరుసలా?

వేరుశనగ చేను చుట్టూ సోలార్ కంచె వేస్తే షాక్ సెకనుకోసారి, రెప్పపాటు మాత్రమే కొడుతుంది. పంది బెదురుతుంది, చావదు. కింది తీగ నేలకు అడుగులోపే ఉండాలి, లేదంటే ముట్టెతో ఎత్తి దూరుతుంది. గడ్డి తీగకు తగిలితే కరెంటు నేలలోకి పోతుంది. ఎండకు ఎర్తింగ్ దగ్గర మట్టి ఆరిపోయినా షాక్ తగ్గుతుంది. గడ్డి కోసే తీరిక లేనివారికి ఇది దండగ ఖర్చు.

కుసుమ (ముళ్లుండే నూనెగింజ పంట) అయితే చేను చుట్టూ నాలుగు వరుసలు, బాగా ఒత్తుగా. ముళ్లు గుచ్చుకుంటాయి, ఘాటు వేరుశనగ వాసనను కప్పేస్తుంది, గింజలూ చేతికొస్తాయి. ముళ్లు ముదిరేదాకా మాత్రం కాపలా తప్పదు. మొలక పోయిన సందులోంచే పంది వస్తుంది. మొక్కజొన్నకైతే ఆముదం వరుసలు.

ఎకరం, రెండెకరాల రబీ రైతుకు కుసుమే నయం. ఆనుకున్న పొలాల వాళ్లు నలుగురు కలిస్తే సోలార్. మోటారు కరెంటును నేరుగా తీగకు తగిలించొద్దు: అది నేరం, రాత్రి నీళ్లు కట్టడానికొచ్చే పక్క రైతు ప్రాణమూ పోతుంది.