పల్లీలా, బాదమా? క్యాలరీలు చూసుకుని తినేవాళ్లకు

క్యాలరీల దగ్గర రెండూ దొందూ దొందే: 30 గ్రాములకు దాదాపు 170. తేడా వేరే చోట.

ప్రొటీన్: పల్లీల్లో సుమారు 7.5 గ్రాములు, బాదంలో 6.
పీచు: పల్లీల్లో 2.5, బాదంలో 3.5 పైనే.
ధర: పల్లీల ముందు బాదం నిలవదు.

కొలత: 30 గ్రాముల బాదం అంటే 24, 25 పలుకులు, లెక్కపెట్టుకోవచ్చు. పల్లీలు గుప్పెడు అంటే ఎవరి గుప్పెడు? పైగా అవి ఇడ్లీ చట్నీలో, పులిహోరలో, కూరలో చల్లే పొడిలో దాక్కుంటాయి. అవేవీ లెక్కలోకి రావు, సాయంత్రం వేయించినవి మళ్లీ వేరే! పల్లీపట్టీ అయితే బెల్లం అదనం.

రిస్కు: ముడుచుకుపోయిన, బూజు పట్టిన, చేదు తగిలిన పల్లీలు పారేయాలి. వాటిలో బూజు వల్ల పుట్టే విషం, అఫ్లాటాక్సిన్, వేయించినా పూర్తిగా పోదు. అలర్జీ దేనితోనైనా రావచ్చు.

ఆకలి ఎక్కువ, బడ్జెట్ తక్కువైతే ఉడికించిన పల్లీలు. నీరు పట్టడం వల్ల అదే బరువుకు క్యాలరీలు సగానికి కాస్త పైన మాత్రమే. ఇంట్లో రోజూ పల్లీచట్నీ ఉంటే మాత్రం చిరుతిండికి బాదమే, అదీ పొద్దున్నే లెక్కపెట్టి చిన్న డబ్బాలో వేసుకుని.